గొంతుకు కూలి, ముఖానికి పేరు

మా కాలేజీ వార్షికోత్సవానికి పిల్లలు ఏయే పాటలకు డాన్స్ చేస్తారో ముందుగా జాబితా రాసి ఇవ్వాలి. కల్చరల్ కమిటీలో తెలుగు మేడమ్ ఉంటే బూతు పాటలు దూరవని మా ప్రిన్సిపాల్ గారి నమ్మకం. అందుకని ఆ జాబితా నా బల్ల మీదికి వస్తుంది. నేను మూడు గళ్ళు గీసి ఇస్తాను: పాట, సినిమా, పాడినవారు. ఈసారి పద్నాలుగు పాటల్లో పన్నెండు తెలుగు, ఒకటి తమిళం, ఒకటి ఇంగ్లిష్. ఆ ఇంగ్లిష్ పాట దగ్గర మూడో గడిలో "సి అండ్ సి మ్యూజిక్ ఫ్యాక్టరీ" అని రాసి ఉంది.

"ఫ్యాక్టరీ పాడదమ్మా, మనిషి పాడుతుంది. ఎవరు పాడారో కనుక్కుని రా" అన్నాను సెకండియర్ అమ్మాయితో.

మర్నాడు వచ్చి చెప్పింది: "వీడియోలో ఉన్నావిడ పేరు జెల్మా డేవిస్ మేడమ్. కానీ పాడింది ఆవిడ కాదంట."

ఈ భాగమంతా ఆ "కాదంట" గురించే.

నాకు ఎలక్ట్రానిక్ సంగీతం కొత్త. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినదానికి సింథసైజర్‌తో పనేముంది అని మీరు నవ్వొచ్చు. కానీ ఆ అమ్మాయి వెళ్ళాక ఆ పాట పెట్టుకుని విన్నాను. మళ్ళీ విన్నాను. పాట మొదట్లోనే ఒక ఆడగొంతు వచ్చి మీద పడుతుంది. మైకు అవసరం లేని గొంతు అది. పొలంలో ఈ గట్టు మీద నిలబడి ఆ గట్టు మీదున్న మనిషిని పిలిచే గొంతు. ఆ తర్వాత వీడియో చూశాను. సన్నగా, పొడుగ్గా, కెమెరా కోసమే పుట్టినట్టున్న ఒక యువతి పెదవులు కదిలిస్తోంది. గొంతుకీ ఆ ఒంటికీ ఎక్కడా అతకలేదు.

అతకదు. ఎందుకంటే ఆ గొంతు మార్తా వాష్‌ది.

ఇప్పుడు కథలోకి వస్తాను. న్యూయార్క్‌లో రాబర్ట్ క్లివిలెస్, డేవిడ్ కోల్ అని ఇద్దరు కుర్రాళ్ళు. ఒకరిది పోర్టోరికో మూలాలున్న కుటుంబం, ఇంకొకరు నల్లజాతివాడు. క్లబ్బుల్లో రికార్డులు వేస్తూ, కీబోర్డు వాయిస్తూ, ఇతరుల పాటల్ని డాన్స్‌కి అనువుగా తిరిగి తయారుచేస్తూ పైకొచ్చారు. ఇద్దరి ఇంటిపేర్లలోని మొదటి అక్షరాలు కలిపి, 1989 ప్రాంతంలో, సి అండ్ సి మ్యూజిక్ ఫ్యాక్టరీ అని పేరు పెట్టుకున్నారు. 1990 చివర్లో "గొన్నా మేక్ యూ స్వెట్ (ఎవ్రీబడీ డాన్స్ నౌ)" అనే పాట విడుదల చేశారు. 1991 ఫిబ్రవరిలో అది అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. కొత్త జంట, కొత్త చప్పుడు. పత్రికలూ రేడియోలూ వాళ్ళను "కనుగొన్నాయి".

ఆ పాటలో ర్యాప్ చేసింది ఫ్రీడమ్ విలియమ్స్. ఆయన పేరు వేశారు. ఆడగొంతు దగ్గర మార్తా వాష్ పేరు లేదు. వీడియోలో ఆమె లేదు. ఆమె స్థానంలో జెల్మా డేవిస్ పెదవులు కదిలించింది. మార్తా వేరే డెమో కోసం ఈ ఇద్దరి దగ్గర పాడిన గొంతును ముక్కలుగా కత్తిరించి ఈ పాటలో కలిపారు. డెమో అంటే తెలుసు కదా, పాట ఎలా ఉంటుందో చూసుకోవడానికి ముందుగా పాడించుకునే నమూనా. దానికి గంటల లెక్కన కూలి ఇచ్చి పంపిస్తారు. ఆ తర్వాత ఆ పాట కోట్లమంది విన్నా ఆ కూలి మారదు.

మనకు బాగా తెలిసిన లెక్క. నాటు వేసిన మనిషికి ఆ రోజు కూలి. పంట ఎంత పండినా అది ఆసామిది.

మార్తా వాష్ ఎవరు? ఆమె 1953లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టింది. చర్చి పాటలు పాడుతూ పెరిగింది. సిల్వెస్టర్ అనే గొప్ప డిస్కో గాయకుడి వెనుక, ఇజోరా రోడ్స్ అనే ఇంకో గాయనితో కలిసి వంత పాడింది. ఇద్దరూ భారీ మనుషులు. వాళ్ళ జోడీకి "టూ టన్స్ ఓ ఫన్" అని పేరు. రెండు టన్నుల వినోదం. చూడండి, ఒంటి మీద వేసే వెక్కిరింతే వాళ్ళ బోర్డు మీద పేరు అయింది. మనలో చాలామందికి ఇది అర్థమవుతుంది. ఊరు తిట్టుగా వాడిన మాటను ఇంటిపేరులా మోసిన తాతలున్న వాళ్ళం మనం. తర్వాత వాళ్ళే "వెదర్ గర్ల్స్" అయ్యారు. 1982 నాటి "ఇట్స్ రెయినింగ్ మెన్" పాట వీళ్ళదే. పెద్ద పెద్ద గాయనులు వద్దన్నాక వీళ్ళ చేతికొచ్చిన పాట అది. ఈ రోజుకీ ప్రపంచంలో ఎక్కడో ఒకచోట దానికి జనం గంతులేస్తూనే ఉంటారు.

అంటే 1990 నాటికి మార్తా అనామకురాలు కాదు. పేరున్న మనిషి. అయినా ఆ పేరు తీసేశారు. ఒక్కసారి కాదు.

క్లివిలెస్, కోల్ ఇద్దరే అంతకుముందు 1989లో సెడక్షన్ అనే అమ్మాయిల బృందానికి పాటలు చేశారు. అందులో "యూ ఆర్ మై వన్ అండ్ ఓన్లీ ట్రూ లవ్" పాటకు గొంతు మార్తాదే, పేరు మాత్రం లేదు. అదే కాలంలో ఇటలీ నుంచి బ్లాక్ బాక్స్ అనే ఎలక్ట్రానిక్ బృందం వచ్చింది. 1990లో వచ్చిన వాళ్ళ "డ్రీమ్‌లాండ్" ఆల్బమ్‌లో "ఎవ్రీబడీ ఎవ్రీబడీ", "స్ట్రైక్ ఇట్ అప్" లాంటి పాటలు మార్తా పాడినవి. వీడియోల్లో మాత్రం కాట్రిన్ క్వినోల్ అనే మోడల్. నిజానికి అంతకుముందే ఈ బృందం ఇంకో నల్లజాతి గాయని గొంతు ఎత్తుకుంది. షికాగోకి చెందిన లోలిటా హాలోవే 1980లో పాడిన "లవ్ సెన్సేషన్" నుంచి ఆమె కేకల్ని కోసి, 1989లో "రైడ్ ఆన్ టైమ్" అని పాట చేశారు. బ్రిటన్‌లో అది ఆరు వారాలు మొదటి స్థానంలో ఉంది. ఆ ఏడాది అక్కడ అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయిన సింగిల్ అదే. టీవీలో కనిపించింది హాలోవే కాదు, పెదవులు కదిపిన అదే మోడల్.

ఇది ఒక్క నిర్మాత మోసం అయితే నేను ఈ వ్యాసం రాయను. ఇద్దరు న్యూయార్క్ కుర్రాళ్ళు, ముగ్గురు ఇటలీవాళ్ళు, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఒకే పని చేశారంటే దాన్ని పద్ధతి అనాలి. ఆ పద్ధతి ఏం చెబుతోంది? లావుగా ఉన్న నల్లజాతి ఆడమనిషి గొంతు కావాలి, ఆ గొంతు లేకపోతే పాట నిలబడదు, కానీ ఆ ఒళ్ళు తెర మీద వద్దు.

దేవుడి ఊరేగింపుకు డప్పు కావాలి. డప్పు లేకపోతే దేవుడు కదలడు. డప్పు కొట్టే మనిషి మాత్రం గుడి గడప ఇవతలే ఉండాలి. శబ్దానికి మైల లేదు, మనిషికి ఉంది. గాలి ఏ గోడనైనా దాటి వస్తుంది కాబట్టి శబ్దాన్ని లోపలికి రానిస్తారు. కాళ్ళున్న మనిషిని గడప దగ్గర ఆపుతారు. వర్ణవివక్ష, కులం ఒకటేనని నేను అనడం లేదు. రెండింటి చరిత్రలూ వేరు. కానీ గొంతును ఒంటి నుంచి విడదీసి వాడుకునే ఈ విద్య మాత్రం రెండుచోట్లా ఉంది. ఆ విద్యకు మనవాళ్ళు చదువుకోకముందే పేర్లు పెట్టుకున్నారు: మేళానికి మేము, పీటల మీద మీరు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. అది తేలికైన ప్రశ్న కాదు కాబట్టి దాటేయను.

ఈ సంగీతం పుట్టిందే వెలివేతలోంచి. "హౌస్" అనే పేరు షికాగోలోని వేర్‌హౌస్ అనే క్లబ్బు నుంచి వచ్చింది. అక్కడ ఫ్రాంకీ నకిల్స్ అనే నల్లజాతి డీజే రికార్డులు వేసేవాడు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నల్లజాతివాళ్ళు, లాటినోలు, స్వలింగ ప్రేమికులు. బయట ఎక్కడా చోటు లేనివాళ్ళకు ఆ చీకటి గది ఇల్లు. అదే ఊళ్ళో 1979 జులై 12న బేస్‌బాల్ మైదానంలో వేలమంది సమక్షంలో డిస్కో రికార్డుల కుప్పను పేల్చేశారు. ఆ మంటల్లో కాలింది ఎవరి సంగీతమో చూసినవాళ్ళకు తెలుసు. ఆ బూడిదలోంచి, డ్రమ్ మెషీన్, కీబోర్డు, చర్చిలో పండిన గొంతు, ఈ మూడింటితో హౌస్ లేచింది. నిమిషానికి సుమారు నూట ఇరవై దెబ్బలు. యంత్రం అలవకుండా కొడుతుంది. దాని మీద మనిషి గొంతు వచ్చి ఏడుస్తుంది, కేరుతుంది, దేవుణ్ణి పిలిచినట్టు పిలుస్తుంది. యంత్రం ఒక్కటే ఉంటే అది చప్పుడు. ఆ గొంతు కలిస్తేనే పాట.

మరి అంతటి వెలివేతలోంచి వచ్చిన సంగీతంలో, నల్లజాతి నిర్మాతే, పోర్టోరికో బిడ్డే, నల్లజాతి స్త్రీ పేరును ఎలా తీసేశాడు?

మనం అడగాల్సిన ప్రశ్న ఇదే. ఎందుకంటే జవాబు మన ఇంట్లోనూ ఉంది. బాధితుడైనవాడు ఇంకొకరిని బాధపెట్టడని ఎక్కడా రాసి లేదు. పై మెట్టు మీదున్నవాడి కాలు నెత్తిన ఉన్నా, కింది మెట్టు మీదున్నవాళ్ళ నెత్తిన మన కాలు ఉండొచ్చు. బాబాసాహెబ్ చెప్పిన మెట్ల అసమానత అంటే ఇదే కదా. మన సభల్లో మొదట పాట ఉంటుంది. కుర్చీలు నిండేదాకా అక్కలు పాడతారు. గొంతు బొంగురుపోయేదాకా పాడతారు. కుర్చీలు నిండాక వక్తల పేర్లు పిలుస్తారు. కరపత్రం మీద వక్తల పేర్లు, హోదాలు, డిగ్రీలు ఉంటాయి. కింద ఒక్క లైను: "కళాబృందంచే పాటలు". బృందంలో ఎవరు? తెలీదు. ఆ లైను రాసేవాడు అగ్రకులస్తుడు కాదు. మనవాడే.

ఇంకో మాట. జెల్మా డేవిస్ మీద కోపం తెచ్చుకోకండి. లైబీరియాలో పుట్టిన నల్లజాతి అమ్మాయి ఆమె. ఆమెకూ గొంతు ఉంది, అదే ఆల్బమ్‌లో వేరే పాటలు స్వయంగా పాడింది. ఈ ఒక్క వీడియోతో ఆమె పేరు "పాడనిది" అయిపోయింది. ఒక స్త్రీ గొంతును వాడుకున్నారు, ఇంకో స్త్రీ ఒంటిని వాడుకున్నారు. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి కొట్టుకోమన్నారు. లెక్కల పుస్తకం వేరేవాళ్ళ చేతిలో ఉంది.

సరే, మార్తా ఏం చేసింది? ఇందుకే ఆమె గురించి ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఆమె గౌరవం కోసం బతిమాలలేదు. కోర్టుకు వెళ్ళింది. బ్లాక్ బాక్స్ పాటల విషయంలో కేసు వేసింది. దాని పరిష్కారంలో భాగంగా ఆర్‌సీఏ సంస్థ ఆమెకు సొంత ఆల్బమ్ చేసే ఒప్పందం ఇచ్చింది. 1992లో "క్యారీ ఆన్" అనే పాట, 1993లో ఆమె పేరుతోనే ఆల్బమ్ వచ్చాయి. సి అండ్ సి పాట విషయంలో సోనీ సంస్థ మీద కేసు 1994లో రాజీ అయింది. ఆ పాట వీడియో వేసేటప్పుడు గొంతు మార్తా వాష్‌ది, దృశ్యం జెల్మా డేవిస్‌ది అని చూపించమని సోనీయే ఎంటీవీని అడగాల్సి వచ్చింది. ఆల్బమ్‌ల మీద, వీడియోల మీద అసలు పాడినవాళ్ళ పేరు వేయాలన్న పట్టింపు అమెరికా పరిశ్రమలో పెరగడానికి ఆమె కేసులు ముఖ్య కారణమని చెబుతారు. అదే 1994లో సి అండ్ సి కొత్త పాట "డూ యూ వానా గెట్ ఫంకీ" వచ్చింది. ఈసారి మార్తా పేరు ఉంది. వీడియోలో మార్తా ఉంది. పక్కనే జెల్మా కూడా ఉంది. మరుసటి ఏడాది జనవరిలో డేవిడ్ కోల్ చనిపోయాడు. అప్పటికి అతనికి ముప్పై రెండేళ్ళే.

ఆ రెండు వీడియోలూ పక్కపక్కన పెట్టి చూడండి. సంగీతం పాడైపోలేదు. జనం పారిపోలేదు. "లావు మనిషిని చూపిస్తే రికార్డు అమ్ముడుపోదు" అన్న మాట వ్యాపార సూత్రం కాదని, వట్టి వివక్ష అని తేలిపోయింది. దీనికి ఇంకో రుజువు కూడా ఉంది. 1991లో మార్కీ మార్క్ అనే ర్యాపర్ "గుడ్ వైబ్రేషన్స్" పాటలో అదే లోలిటా హాలోవే గొంతును, అదే "లవ్ సెన్సేషన్" నుంచి తీసుకున్నాడు. కానీ ఆమె పేరు పాట మీద వేశారు, వీడియోలో ఆమెను చూపించారు. ఆ పాట కూడా అమెరికాలో మొదటి స్థానానికే వెళ్ళింది. పేరు వేస్తే పోయిందేమిటి?

ఇప్పుడు ఇటు రండి.

మన దేశంలో సినిమా పాటకు పేరు ఊరికే రాలేదు. 1949లో "మహల్" సినిమా పాట "ఆయేగా ఆనేవాలా" రికార్డు మీద గాయని పేరు దగ్గర "కామిని" అని వేశారు. కామిని అంటే సినిమాలో మధుబాల వేసిన పాత్ర పేరు. పాడింది లతా మంగేష్కర్. అంటే పాడిన మనిషి లేదు, లేని మనిషి పాడింది! ఆ తర్వాత లత పోరాడింది, పేరు తెచ్చుకుంది, రాయల్టీ కూడా అడిగింది. మంచిదే. ఆమె గెలుపు గాయకులందరికీ పనికొచ్చింది. కానీ ఆ గెలుపు స్టూడియో తలుపు దగ్గర ఆగింది. స్టూడియో బయట పాడేవాళ్ళ సంగతి?

నా పీహెచ్‌డీ రోజుల్లో లైబ్రరీలో జానపద గేయాల సంకలనాలు గంటలకొద్దీ తిరగేశాను. అట్ట మీద సేకరించినవారి పేరు ఉంటుంది. ముందుమాట రాసినవారి పేరు, అచ్చువేసినవారి పేరు, సాయం చేసిన మిత్రుల పేర్లు ఉంటాయి. పాడినవాళ్ళ పేరు చాలాచోట్ల ఉండదు. ఒక పుస్తకంలో పాట కింద ఇలా ఉంది: "ఒక హరిజన స్త్రీ పాడగా విన్నది". ఆ "ఒక" అనే మాటను నేను చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఊరి పేరు ఉంది. మండలం ఉంది. కులం ఉంది. పేరు అడగడానికి ఎంతసేపు పడుతుంది? "నీ పేరేంటమ్మా?" మూడు మాటలు. పాట మొత్తం రాసుకోవడానికి ఓపిక ఉన్న మనిషికి ఆ మూడు మాటలకు తీరిక లేకపోయింది.

మా నాయనమ్మ నాట్లలో పాట ఎత్తేది. మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు. ఎత్తే మనిషికి అదనంగా కూలి ఏమీ ఉండదు, కానీ పాట ఎత్తే మనిషి లేకపోతే నాటు సాగదని ఆసామికి కూడా తెలుసు. ఆమె పాటలో కొన్ని చరణాలు ఆమే కట్టింది. ఆ ఏడాది ఆ ఊళ్ళో జరిగిన సంగతులు అందులో ఉండేవి. అలాంటి పాటను పుస్తకంలో పెట్టి "అజ్ఞాత కర్తృకం" అంటాం మేం తెలుగు పండితులం. అజ్ఞాతం ఎవరికి? మా పేటలో అడగండి, ఫలానా చరణం ఫలానా మనిషిది అని చెప్పే ముసలమ్మలు ఇంకా ఉన్నారు. అడగకపోవడాన్ని అజ్ఞాతం అనకూడదు.

ఇప్పుడు పుస్తకం పోయి ఫోన్ వచ్చింది. పల్లె పాటకు కంప్యూటర్‌లో డ్రమ్ములు వేసి, బేస్ పెంచి, బరాత్‌లో మోగేలా చేసే కుర్రాళ్ళు జిల్లాకు పదిమంది ఉన్నారు. వాళ్ళలో మన పేటల పిల్లలు బోలెడుమంది. నాకు వాళ్ళంటే ఇష్టం. క్లివిలెస్, కోల్ లాంటి ప్రతిభ ఉన్నవాళ్ళే వాళ్ళు. స్టూడియో లేదు, పాత ల్యాప్‌టాప్ ఒకటి, ఇంట్లో అమ్మ తిట్లు. వాళ్ళలో ఇద్దరు కలిసి ఒక అమ్మాయి చేత పాడించి పాట విడుదల చేస్తే, అదే ఈ కాలపు ఎలక్ట్రానిక్ జంట. అలాంటి జంటల్ని మనం కనుగొనాలి, పదిమందికి వినిపించాలి. కానీ పాట కింద చదవండి: మిక్సింగ్ ఫలానా, ఎడిటింగ్ ఫలానా, డీజే ఫలానా, ఛానెల్ ఫలానా. గొంతు? "జానపదం" అని ఉంటే ఆ గొంతుకు పేరు లేదని అర్థం.

పేరు పోయేది ఆడవాళ్ళకే కాదు. 2021లో "ఎంజాయ్ ఎంజామి" తమిళ పాట మన పిల్లలూ పాడారు. ధీ అనే గాయని, అరివు అనే దళిత కవి గాయకుడు కలిసి పాడిన పాట. మాటలు అరివువి. శ్రీలంక తేయాకు తోటల్లో చాకిరీ చేసిన అతని నాయనమ్మల తరం వాసన ఉన్న మాటలు. ఆ ఏడాది ఆగస్టులో ఒక సంగీత పత్రిక భారతీయ సంచిక అట్ట మీద ధీ ఉంది, ఇంకో గాయకుడు ఉన్నాడు, అరివు లేడు. పా. రంజిత్ బహిరంగంగా అడిగాడు. అప్పుడు గాని చర్చ మొదలవలేదు. ఇక్కడ గాయని ముఖం ముందుకొచ్చింది, దళితుడి ముఖం వెనక్కి పోయింది. కాబట్టి ఎప్పుడూ ఆడగొంతే పోతుందని సూత్రం రాసుకోకండి. అట్టకు ఎవరు "సరిపోతారో" నిర్ణయించేవాడు ఎవరో చూడండి. ఎవరు సరిపోరో వాళ్ళ పేరు పోతుంది.

"పేరుదేముంది మేడమ్, పాట జనంలోకి వెళ్ళిందిగా" అంటారు కొందరు ఉద్యమ మిత్రులు. పాట జనం ఆస్తి అంటారు. వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ ఆ పాట మీద ప్రకటనల డబ్బు వస్తే అది జనానికి పంచుతున్నారా? ఛానెల్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళ ఖాతాలో పడుతోంది. కష్టం సమష్టి, డబ్బు సొంతం అయితే దాన్ని ఉద్యమం అనరు.

ఇంకా ముఖ్యమైన సంగతి, పేరు అనేది మర్యాద కాదు, చట్టం. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. 1994 సవరణతో ప్రదర్శకులకు హక్కు ఇచ్చారు. ప్రదర్శకులంటే ఎవరు? చట్టంలో రాసిన వరుస చూడండి: నటులు, గాయకులు, వాద్యకారులు, నాట్యం చేసేవారు, గారడీవారు, పాములు ఆడించేవారు, చివరికి ఉపన్యాసం ఇచ్చేవారు. అంటే పాములాడించే మనిషీ, క్లాసులో పాఠం చెప్పే నేనూ చట్టం దృష్టిలో ఒకే వరుస. నాకు ఆ వరుస చాలా నచ్చింది. 2012 సవరణతో 38ఏ, 38బీ సెక్షన్లు చేర్చారు. ప్రదర్శనను వ్యాపారానికి వాడితే రాయల్టీలో వాటా ఉంటుంది. ఈ ప్రదర్శన నాది అని గుర్తింపు కోరే హక్కు ఉంటుంది. ఆ హక్కును డబ్బులిచ్చి కొనేసుకున్నామని చెప్పినా అది పోదు.

కానీ ఆ సవరణలోనే ఒక మెలిక ఉంది. సినిమాలో ఎవరి ప్రదర్శన అయినా ఏదో సందర్భానికి వచ్చిపోయేదై, వాళ్ళ పేరు క్రెడిట్లలో ఎక్కడా లేకపోతే, దాదాపుగా వాళ్ళను ప్రదర్శకులుగానే లెక్కించరు. మళ్ళీ చదవండి. పేరు లేకపోతే హక్కు లేదు. జాతర సీనులో నిజంగా డప్పు కొట్టిన మనుషుల్ని, పెళ్ళి సీనులో నిజంగా పాట ఎత్తిన ముసలమ్మను తలుచుకోండి. సినిమా చివర గబగబా పైకి పోయే అక్షరాల్లో వాళ్ళ పేరు ఉందా? లేకపోతే చట్టం దగ్గరికి వెళ్ళినా తలుపు సగం మూసే ఉంటుంది. అందుకే "పేరుదేముంది" అనే మాట మనం అనకూడదు. పేరే తాళంచెవి.

ఇప్పుడు యంత్రం ఇంకో అడుగు ముందుకేసింది. కాసేపు మాట్లాడిన రికార్డు ఉంటే చాలు, ఆ గొంతుతో పాడని పాట పాడించే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. 1990లో కనీసం మార్తాను స్టూడియోకి పిలవాల్సి వచ్చింది. గంటల కూలి అయినా ఇవ్వాల్సి వచ్చింది. రేపు ఆ పిలుపు కూడా ఉండదు. ఎవరి గొంతులు ముందు పోతాయో నేను చెప్పనక్కర్లేదు. ఒప్పందం కాగితం లేనివాళ్ళవి, పేరు ఎక్కడా నమోదు కానివాళ్ళవి పోతాయి.

అందుకని పనికొచ్చే మాటలు నాలుగు చెప్పి ఆపుతాను.

ఒకటి. పాటలు చేసే తమ్ముళ్ళకు. గొంతు ఇచ్చిన మనిషి పేరు మొదటి లైనులో వేయండి, "ఫీచరింగ్" అని చివర్లో కాదు. ఒక తెల్లకాగితం మీద తెలుగులో రాసుకోండి: పాట పేరు, పాడింది ఎవరు, ఇప్పుడు ఎంత ఇచ్చారు, తర్వాత డబ్బు వస్తే ఎంత వాటా. ఇద్దరూ సంతకం చేయండి. మీ అక్క పాడినా సరే రాసుకోండి. అక్క కాబట్టే రాసుకోండి.

రెండు. పాడే ఆడపిల్లలకు. "ట్రయల్ కోసం పాడు చెల్లీ" అంటే పాడండి, కానీ ట్రయల్‌కే అని మెసేజ్‌లో రాయించుకోండి. ఆ మెసేజ్ తుడిచేయకండి. మీ ఒడ్డూ పొడుగూ రంగూ వీడియోకి "సెట్ కాదు" అని ఎవరైనా అంటే, ఆ గొంతు కూడా సెట్ కాదని చెప్పి వచ్చేయండి. రెండూ కలిసే వస్తాయి, విడిగా అమ్మబడవు.

మూడు. సభలు పెట్టే అన్నలకు. కరపత్రం మీద వక్తలకు ఎంత అక్షరమో గాయకులకు అంతే అక్షరం. బృందం పేరు కాదు, మనుషుల పేర్లు. వక్తకు దారిఖర్చులు ఇస్తే గాయనికీ ఇవ్వండి. ఉద్యమానికి పాడిన గొంతుకు బస్సు చార్జీ సొంత ఖర్చు కావడం మనకు పరువు కాదు.

నాలుగు. వినేవాళ్ళకు, అంటే మనందరికీ. కొత్త జంట ఎవరైనా నచ్చితే సంతోషంగా పంచుకోండి. పంచుకునే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ గొంతు ఎవరిది? జవాబు దొరక్కపోతే ఆ పాట కింద అదే ప్రశ్న రాయండి. పదిమంది రాస్తే పేరు బయటికి వస్తుంది. వెయ్యిమంది రాస్తే డబ్బు కూడా వస్తుంది.

మార్తా వాష్ ఇంకా పాడుతూనే ఉంది. ఆమె పాట వినండి. వింటూ ఆ పేరు ఒక్కసారి పైకి అనండి. తర్వాత మీ ఊళ్ళో పాట ఎత్తే మనిషి దగ్గరికి వెళ్ళి, ఫోన్ తీసి రికార్డు నొక్కే ముందు, ఆమె పేరు అడిగి రాసుకోండి. ఇంటిపేరుతో సహా.

జై భీమ్.